ఏ సీటు దగ్గర ఆగింది?

"సారు లేరు." "ఫైలు పైకెళ్ళింది." "రేపు రండి." ఈ మూడు మాటలూ వినకుండా తెలుగునాట పెద్దయినవాళ్ళు లేరు. మా నాన్న పోయాక అమ్మకు రావలసిన ఫ్యామిలీ పెన్షన్ కోసం నేను వీటిని పదకొండు నెలలు విన్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరిని తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. క్లర్కు లంచగొండి, సూపరింటెండెంటు సోమరి, ఆఫీసరు అహంకారి. నా కోపానికి మనుషులు దొరికారు గాని అమ్మకు పెన్షన్ దొరకలేదు.

ఒక మధ్యాహ్నం వరండాలో బల్ల మీద కూర్చున్న ముసలి అటెండరు నన్ను దగ్గరికి పిలిచాడు. "బాబూ, సారుని అడిగితే రేపు రమ్మంటారు. మీరు తపాల్లో ఇచ్చిన కాగితానికి ఇన్వార్డు నంబరు ఉంటది. అది ఏ సీటుకి వెళ్ళిందో రిజిస్టర్లో రాసి ఉంటది. సారుని కాదు, సీటుని అడగండి" అన్నాడు.

అడిగాను. కాగితం ఏ తేదీన ఏ సీటుకు చేరిందో రిజిస్టరులో ఉంది. ఆ సీటు ఖాళీ. అక్కడ పనిచేసే గుమస్తా బదిలీ అయి ఏడు నెలలైంది. ఆయన చూసే పనిని ఇంకెవరికీ అప్పగించలేదు. నేను పదకొండు నెలలు తిట్టుకున్న ముగ్గురిలో ఒక్కరి దగ్గరా మా ఫైలు లేదు! ఆ నంబరూ ఆ తేదీ వేసి, ఖాళీ సీటు పని ఎవరు చూడాలో తేల్చమని అర్జీ పెట్టాను. మూడు వారాల్లో పెన్షన్ మంజూరైంది.

పదిహేడేళ్ళ నా చదువు నేర్పని పాఠాన్ని ఆ అటెండరు రెండు నిమిషాల్లో నేర్పాడు. అప్పటినుంచి నాకు ఒకటే ఆక్రోశం. మనకు మనుషుల్ని తిట్టడం వచ్చు, సంస్థను చదవడం రాదు. ఇది కూడా నిరక్షరాస్యతే. వేలిముద్ర వేసేవాణ్ణి చూసి జాలిపడతాం. మరి తన బతుకును నడిపే సంస్థ లోపల ఏం జరుగుతుందో తెలియక చేతులు కట్టుకుని నిలబడే డిగ్రీ పట్టాదారుణ్ణి చూసి ఎవరు జాలిపడాలి?

పుట్టగానే ఆస్పత్రి, ఆపైన బడి, బ్యాంకు, సహకార సంఘం, కంపెనీ, పార్టీ, దేవస్థానం, చివరికి మరణ ధ్రువపత్రం ఇచ్చే మునిసిపాలిటీ. మన జీవితమంతా సంస్థల చేతుల మీదుగానే నడుస్తుంది. అయినా బడిలో వాన ఎందుకు కురుస్తుందో చెబుతారు గాని రేషన్ కార్డు ఎందుకు ఆగుతుందో చెప్పరు. రాష్ట్రపతి పదవికి కనీస వయసు 35 అని బట్టీ పట్టిస్తారు. తహసీల్దారు కార్యాలయంలో ఒక అర్జీ ఎన్ని చేతులు మారుతుందో, ఎవరి సంతకానికి ఏ అధికారం ఉందో ఒక్క పుటలోనూ రాయరు. మేనేజ్‌మెంట్ కళాశాలలు లక్షల ఫీజు తీసుకుని సంస్థల గురించి చెబుతాయి. అదంతా లోపల కుర్చీ సంపాదించుకునేవాడి కోసం. బయట వరుసలో నిలబడ్డవాడి కోసం ఒక్క పాఠమూ లేదు. ఈ చదువు లేకపోవడం యాదృచ్ఛికం అని నేను నమ్మను. దీని వల్ల లాభపడేవాళ్ళు ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి బోర్డులోనూ, ప్రతి కార్యవర్గంలోనూ ఉన్నారు.

ఈ అజ్ఞానానికి మనం చెల్లించిన మూల్యం పెన్షన్ ఫైళ్ళతో ఆగలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన బోర్డుకు ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. పులి మీద స్వారీలా అయిపోయిందని అందులో ఆయన వాడిన పోలిక పత్రికలకెక్కింది. మనమంతా ఆ పులి దగ్గరే ఆగిపోయాం. అంత పేరున్న మనిషి ఇలా ఎందుకు చేశాడు? భూముల మీద ఆశా? కొడుకుల మీద ప్రేమా? టీ కొట్టు నుంచి టీవీ స్టూడియో దాకా ఆయన మనసును తవ్వడమే పనైంది.

తవ్వవలసింది ఆయన మనసును కాదు. లేని 5,040 కోట్లు ఉన్నాయని చెప్పే కాగితం అన్ని బల్లలు దాటి, ఒక్క బల్ల దగ్గరా పట్టుబడకుండా వాటాదారుడి చేతికి ఎలా చేరింది? ఏళ్ళ తరబడి దొంగ ఇన్‌వాయిస్‌లు పుట్టాయి. బ్యాంకు పత్రాలు పుట్టాయి. ఆ నిల్వలు నిజమేనా అని ఆడిటర్లు బ్యాంకులను నేరుగా అడిగి తెలుసుకోవాలి. వాళ్ళు కంపెనీ అందించిన పత్రాల మీదే ఆధారపడ్డారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. దొంగ ఇంటి తాళం సరిగ్గా ఉందో లేదో దొంగనే అడిగి రాసుకున్నట్టు!

బోర్డులో ఉన్నది సామాన్యులా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసిన అధికారి, పెంటియం చిప్‌తో పేరు పొందిన ఇంజనీరు. 2008 డిసెంబరు 16న వాళ్ళ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. సత్యం సొమ్ము 160 కోట్ల డాలర్లు పెట్టి రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలని దాని సారాంశం. సత్యం పేరును ఇంగ్లిషులో వెనక నుంచి చదివితే మేటాస్. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్ళని పేరే చెబుతోంది. అయినా బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది. దాన్ని కొన్ని గంటల్లో ఆపింది బోర్డు కాదు, షేర్లు అమ్మి పారేసిన మదుపుదారులు.

ఆ పెద్దలు తెలివితక్కువవాళ్ళు కారు. అందుకే ఈ కథ భయపెడుతుంది. వాళ్ళు చదివే ప్రతి కాగితమూ యాజమాన్యం గదిలో తయారైంది. వాళ్ళను బోర్డుకు పిలిచింది యాజమాన్యం. ఆడిటరుకు ఫీజు కట్టింది యాజమాన్యం. ఎవరిని నిలదీయాలో వాళ్ళ దగ్గరే సమాచారం, ఆహ్వానం, జీతం తీసుకోవాలి. అలాంటి కుర్చీలో ఎంత మేధావిని కూర్చోబెట్టినా తల ఊపుతాడు. రాజు స్థానంలో హరిశ్చంద్రుడు వచ్చినా ఆ గోడలో కన్నం కన్నంగానే ఉంటుంది. ఆయన తర్వాత వచ్చేవాడు అందులోంచి దూరతాడు. 2015లో హైదరాబాదు కోర్టు రాజుతో కలిపి పది మందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. నేరం చేసినవాళ్ళకు శిక్ష పడాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కన్నాన్ని కొంతైనా పూడ్చింది 2013 కంపెనీల చట్టం. ఆడిటర్లను గడువు తీరాక మార్చి తీరాలని, మోసపోయిన వాటాదారులు కలిసి దావా వేయవచ్చని అది రాసింది. ఆ రెండు మాటలూ మనిషిని తిట్టిన కోపంలోంచి రాలేదు, కాగితం నడిచిన దారిని ఎవరో ఓపికగా చూడడం వల్ల వచ్చాయి.

డబ్బు పోతే తిరిగి సంపాదించుకోవచ్చు. విశాఖలో ప్రాణాలు పోయాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు నిద్రలో ఉండగా ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. తర్వాత పోలీసులు 12 మందిని అరెస్టు చేశారు. కాలుష్య నియంత్రణ మండలి అధికారులను సస్పెండ్ చేశారు. ఊరికి నష్టపరిహారం, పత్రికకు శీర్షిక దొరికాయి. "నిర్లక్ష్యం" అన్న ఒక్క మాటతో అధ్యాయం మూసేశాం.

నిర్లక్ష్యం! ఈ మాట మీద నాకు పట్టలేని కోపం. అది కారణం కాదు, కారణాన్ని వెతకకుండా తప్పించుకునే సందు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో అసలు కారణాలు ఉన్నాయి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. పైన ద్రవం కాగిపోతున్నా కింది అంకె నిమ్మళంగా కనిపించింది. స్టైరీన్ గడ్డకట్టి వేడెక్కకుండా ఆపే రసాయనం ఫ్యాక్టరీలో నిల్వ లేదు. 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలుంది. ఆ రాత్రి ఒక్క చోట నుంచీ మోగలేదు. పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019 మేలో అఫిడవిట్ రాసిచ్చింది. ఆ కాగితం చేతికి అందాక కూడా ఫ్యాక్టరీ ఏడాదిపాటు నడిచింది.

ఈ వరుసను చదవండి. ఇందులో ఒక రాక్షసుడు కనిపిస్తున్నాడా? నాకు కనిపించేది చిన్న చిన్న నిర్ణయాలు. ఈ మీటరు చాలులే అన్నది ఒకరు. ఆ రసాయనం తర్వాత తెప్పిద్దామన్నది ఇంకొకరు. అఫిడవిట్ వచ్చింది, ఫైల్లో పెట్టండి అన్నది మరొకరు. ఒక్కొక్కరూ తమ సీటు వరకు తమ పని చేశామనుకుని ఇంటికెళ్ళి నిద్రపోయారు. ఆ నిద్రలన్నీ కలిసి ఒక ఊరిని శాశ్వతంగా నిద్రపుచ్చబోయాయి. ఇది చదవడం మనకు వచ్చి ఉంటే పక్క ఫ్యాక్టరీలోనూ ఇవే ప్రశ్నలు అడిగేవాళ్ళం. అడగలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా కర్మాగారంలో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం కర్మాగారంలో 50 మందికి పైగా పోయారు. ఒక్కొక్క ప్రమాదానికీ కారణాలు వేరు. ప్రమాదం తర్వాత మన తంతు మాత్రం ప్రతిసారీ ఒక్కటే. అరెస్టు, పరిహారం, మరుపు.

వేరే దారి ఉంది. 2003 ఫిబ్రవరి 1న మన కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా వ్యోమనౌకను గుర్తు చేసుకోండి. నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. విచారణ మండలి నురుగు దగ్గర ఆగలేదు. రెక్కను ఉపగ్రహంతో ఫొటో తీయించమని ఇంజనీర్లు అడిగితే ఆ విన్నపం ఎక్కడ, ఎవరి దగ్గర ఆగిపోయిందో వెతికింది. ఆ ప్రమాదానికి నురుగు ఎంత కారణమో నాసా సంస్థాగత సంస్కృతి కూడా అంతే కారణమని నివేదికలో రాసింది. 1986లో ఛాలెంజర్ కూలినప్పుడు నేర్వాల్సిన పాఠాన్ని నాసా నేర్వలేదనీ రాసింది. ఒకసారి చదివి అటక మీద పెట్టే పుస్తకం కాదు సంస్థ. చదవడం మానిన రోజే అది పాత అలవాటుకు తిరిగిపోతుంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే మాట ఒకటుంది. "ఎన్ని చెప్పండి, మంచి ఆఫీసరు వస్తే అన్నీ చక్కబడతాయి." ఈ మంచి ఆఫీసరు భక్తి మన మెడలో గుదిబండ. మంచి కలెక్టరు వస్తాడు, రాత్రి తనిఖీలు చేస్తాడు, ఆస్పత్రి నేల మెరుస్తుంది. మూడేళ్ళకు బదిలీ. జనం కన్నీళ్ళతో సాగనంపుతారు. నెల తిరగకుండా ఆస్పత్రి పాత కంపులోకి వెళ్ళిపోతుంది. ఆ మనిషి గొప్పవాడే. కానీ ఆయన వెళ్ళగానే కూలిపోయింది సంస్థ కాదు, ఆయన భుజాల మీద కొన్నాళ్ళు నిలిచిన పందిరి. దేవుడి లాంటి ఆఫీసరు కోసం ఎదురుచూసే ప్రజలు పౌరులుగా బతకడం లేదు, భక్తులుగా బతుకుతున్నారు. భక్తుడు వరం అడుగుతాడు, పౌరుడు మినిట్స్ పుస్తకం అడుగుతాడు.

రెండో మాట ఇంకా అవమానకరం. "ఇవన్నీ సామాన్యుడికి అర్థమవుతాయా?" ఈ మాట అన్నవాళ్ళను రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామానికి తీసుకెళ్ళాలని ఉంది. 1994 డిసెంబరు 2న అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ, రైతుల సంఘం మొదటి బహిరంగ విచారణ పెట్టింది. కరువు పనుల మస్టరు రోల్స్ (హాజరు పట్టీలు), బిల్లులు ఊరివాళ్ళ ముందు గట్టిగా చదివారు. పనికి వెళ్ళనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కట్టని కట్టడాలకు బిల్లులు వచ్చాయి. వింటున్నవాళ్ళలో ఎంతోమందికి చదువు రాదు. కానీ ఆ రోజు ఎవరు పనిలో ఉన్నారో, ఎవరికి ఎంత కూలీ ముట్టిందో వాళ్ళకు తెలిసినట్టు ఏ ఆడిటరుకు తెలుసు? ఆ కదలిక సాగి సాగి 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది.

మన నేల మీదా అలాంటి విచారణ జరిగింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేతికి సామాజిక తనిఖీని ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో దాన్ని మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా ఒక సంస్థనే ఏర్పరిచింది. పల్లె కుర్రాళ్ళు, కూలీల ఇళ్ళ పిల్లలు రికార్డులు చేతబట్టి గడప గడపకూ తిరిగారు. పాస్‌పుస్తకంలో ఉన్నదీ ఇంట్లో చెప్పిందీ పక్కపక్కన పెట్టి సభలో చదివారు. ఉద్యోగులు మైకు ముందు నిలబడి జవాబు చెప్పారు. బయటపడిన సొమ్ములో తిరిగి రాబట్టింది మాత్రం కొద్దే. ఎందుకు? తప్పు పట్టుకునే అధికారం ఒక సీటుకు ఇచ్చి, శిక్షించే అధికారం వేరే సీటు దగ్గర ఉంచారు. ఆ రెండో సీటులో ఉన్నవాడు తప్పు చేసినవాడి సహోద్యోగి. ఇక్కడ కూడా ఫలానా అధికారిని తిట్టి లాభం లేదు. రెండు సీట్ల మధ్య ఉన్న ఆ ఖాళీని చూపించి పోరాడాలి.

ఈ చూపు తెలుగువాడికి కొత్త కాదు. విశాఖలో ప్లీడరీ చేసిన రచయిత రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం సారా అమ్మే మనిషి నుంచి పోలీసు, ప్లీడరు, కోర్టు దాకా ఎవరి చేతుల్లో ఎలా నలిగిందో చూపించాడు. లెక్కల మేష్టారు బాలగోపాల్ లాయరై, రాజ్యం లోపలి పనితీరును పొర పొరగా విప్పి రాశాడు. ఆ వారసత్వం మనదే. మనం వాళ్ళ ఫొటోలకు దండలు వేశాం గాని వాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకోలేదు.

పాఠ్యపుస్తకం లేదని ఎవరూ అనకండి. ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఒకటవ ఉపసెక్షన్‌లోని 'బి' భాగం తెరవండి. ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకముందే 17 అంశాలు ప్రకటించాలని అందులో ఉంది. సంస్థ స్వరూపం ఏమిటి, ఏ ఉద్యోగికి ఏ అధికారం ఉంది, నిర్ణయం ఏ దారిలో తీసుకుంటారు, ఎవరి మీద ఎవరి పర్యవేక్షణ, ఏ కమిటీలున్నాయి, వాటి మినిట్స్ ప్రజలు చూడవచ్చా, బడ్జెట్ ఎంత, రాయితీలు ఎవరికి అందాయి. సంస్థను విశ్లేషించడానికి ఇంతకంటే మంచి పాఠ్యప్రణాళిక ఏ విశ్వవిద్యాలయంలో ఉంది? చట్టం ఆ పుస్తకాన్ని మన గుమ్మంలో పెట్టి వెళ్ళింది. మనం తలుపు తీయలేదు. కార్యాలయాలు పాత వివరాలు, అరకొర జాబితాలు అంటించి ఊరుకుంటున్నాయంటే, చదివేవాళ్ళు లేరని వాటికి తెలుసు కనుక.

మరి ఎలా చదవాలి? నా దగ్గర ఉన్నవి అటెండరు పాఠంలోంచి మొలిచిన అయిదు ప్రశ్నలే. ఈ నిర్ణయం కాగితం మీద ఎవరిది, నిజంగా ఎవరిది? డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎవరి సంతకంతో పోతోంది? తప్పు జరుగుతోందని మొదట ఏ మనిషికి తెలుస్తుంది, అతని మాట పైకి వెళ్ళడానికి ఎన్ని గడపలు దాటాలి? కాదన్నవాడికి ఈ సంస్థలో ఏమవుతుంది? తప్పు జరిగితే బాధ ఎవరికి, లాభం ఎవరికి? సత్యం బోర్డును ఈ అయిదూ అడిగి చూడండి. వెంకటాపురం ట్యాంకును అడగండి. మీ పిల్లల బడిని అడగండి. నాలుగో ప్రశ్నను మాత్రం ఎన్నడూ వదలకండి. కాదన్నవాణ్ణి బదిలీ చేసే సంస్థ, మీ ట్యాంకులో ఏం కాగుతోందో మీకెప్పుడూ చెప్పదు.

ముందు మన ఇంటి పక్కనే మొదలుపెడదాం. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఎన్ని ఊళ్ళలో ఆ తల్లులను కూర్చోబెట్టి తీర్మానం చదివి వినిపిస్తున్నారు? ఎన్ని చోట్ల ఇంటికి రిజిస్టరు పంపించి సంతకం పెట్టించుకుంటున్నారు? సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో కోరం ఉందా లేదా అని లెక్కపెట్టే రైతులు ఎందరు? అపార్ట్‌మెంట్ సంఘం ఆడిట్ పత్రం చదివిన యజమానులు ఎందరు? ఇక్కడ మన మీద లాఠీ లేవదు, ఉద్యోగం పోదు. అయినా అడగం. అడగడం మర్యాద కాదని పెరిగాం. ఆ మర్యాదే మనల్ని ముంచుతోంది. లెక్క అడగడం అవమానించడం కాదు. లెక్క అడగని ఊరిలో నిజాయితీపరుడికీ దొంగకూ తేడా తెలియదు. ఆ ఊరిలో ముందు ఓడిపోయేది నిజాయితీపరుడే.

తల్లులారా, రైతులారా, ఉద్యోగులారా, ఈ నెలలో మీ సంస్థలో సమావేశం ఉంటే వెళ్ళండి. ఖాళీ కాగితం మీద, చదవని తీర్మానం కింద సంతకం పెట్టకండి. మినిట్స్ పుస్తకం అడగండి. పోయిన సమావేశంలో ఏం రాశారో గట్టిగా చదవమనండి. మొదటిసారి అందరూ మిమ్మల్ని వింతగా చూస్తారు. రెండోసారి ఒకరు మీ పక్కకు వచ్చి కూర్చుంటారు. పని ఆగిపోయిందా? మనిషి పేరు తర్వాత. ముందు అడగండి: ఏ సీటు దగ్గర ఆగింది?